అమ్మానాన్న విడిపోయినంక బిడ్డని సంభాళించుకునుడు ఎట్ల: రెండిండ్లు, ఒక బ్యాగు

మాది హన్మకొండ. మా బిడ్డకు 7 ఏండ్లప్పుడు నేను, వాళ్ల డాడీ విడిపోయినం, ఇప్పుడు దానికి 11. ఆయన కరీంనగర్‌ల ఉంటడు, నేను ఈడ మా అమ్మగారింటికి రెండు గల్లీల అవతల. నేనేం కౌన్సెలర్‌ని కాదు, నాకు తెలిసిందంతా ఒక తప్పు చేసి, దాన్ని సరిచేసుకుని, మళ్ల ఇంకో తప్పు చేసి నేర్చుకున్నదే. అయితే ఈ మధ్య మా ఆఫీసుల ఇద్దరు, మా కజిన్ ఒకామె ఇదే రూట్ల ఉన్నరు, అందరికి ఫోన్‌ల గంటలు గంటలు చెప్పే బదులు ఒక్కసారి రాసి పెడితే అయిపోతది కదా అని కూసున్న. విడాకులు తీస్కోవాలా వద్దా అనే ముచ్చట ఇందులో లేదు. తీస్కున్నంక బిడ్డ సంగతేంది, అదొక్కటే.

ఒక మాట ముందే. ఇంట్ల కొట్టుడు, తాగి వచ్చి బెదిరించుడు, బిడ్డకు ప్రమాదం ఉన్న కేసులకు ఇందులో సగం పనికిరాదు. అట్లాంటి కాడ "ఇద్దరు కలిసి చెప్పండి" లాంటివి నడవయ్, ముందు మీరు, బిడ్డ సేఫ్‌గ ఉండాలె, మహిళల హెల్ప్‌లైన్ 181కి చెయ్యండి, వకీల్‌ని పట్టుకోండి. కింద రాసిందంతా మాలాగ కొట్లాటలే తప్ప కొట్టుడు లేని ఇండ్ల కోసం.

స్టెప్ 1: బిడ్డకు చెప్పుడు

ఇద్దరు కలిసి చెప్పాలె, ఒకరు ఇల్లు వదిలి పోకముందే చెప్పాలె. "డాడీ క్యాంపుకు పోయిండు" అని అబద్ధం చెప్పి నడిపిచ్చినోళ్లని చూసిన, ఎప్పుడో ఒకరోజు పక్కింటి పిల్లగాడు చెప్తడు, ఇగ ఆ తర్వాత మీరు ఏం చెప్పినా నమ్మదు. పరీక్షల ముందు, బర్త్‌డే వారంల, పండుగ ముందురోజు వద్దు. రాత్రి పడుకునే ముందు అసలే వద్దు, చెప్పినంక రోజంతా దాని పక్కన ఉండే టైం ఉండాలె. మేము ఒక ఆదివారం పొద్దున ఇడ్లీలు తిన్నంక చెప్పినం. అంతకుముందు ఫోన్‌ల మూడుసార్లు ప్రాక్టీస్ చేసినం, నవ్వొస్తది ఇప్పుడు తలుచుకుంటే, పెండ్లైనప్పటి నుంచి ఇద్దరం ఒకే మాట మీద ఉన్నది ఆ ఒక్క స్క్రిప్ట్ మీదనే.

ఏం చెప్పాలె అంటే నాలుగు ముక్కలే: మేమిద్దరం ఇగ ఒకే ఇంట్ల ఉండం, ఇది నీ వల్ల కాలేదు, ఇద్దరం నీకు ఎప్పటికీ అమ్మా నాయనలమే, నువ్వు ఇదే బడికి పోతవ్ ఇదే మంచం మీద పంటవ్. ఎందుకు అని అడుగుతది. "కలిసుంటే మాకు రోజూ పంచాయితీ అయితుంది, ఎంత ట్రై చేసినా ఆగుతలేదు" అంటే చాలు, ఎవరు ఏం చేసిండ్రు అనే లిస్ట్ బిడ్డ ముందల విప్పొద్దు.

మా బిడ్డ ఏడుస్తది అనుకున్న. ఏడ్వలే. కాసేపు ఊకుండి "మరి నా సైకిల్ ఎవరింట్ల ఉంటది?" అని అడిగింది. నాకు ఒక్క సెకను కోపమొచ్చింది, ఇంత పెద్ద ముచ్చట చెప్తుంటే సైకిల్ ఏంది అని. తర్వాత అర్థమైంది, సైకిల్ అంటే సైకిల్ కాదు, నేను ఎవరింట్ల ఉండాలె అని అడుగుతుంది. అట్లాంటి ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు ఉండాలె, "చూద్దాం బిడ్డా" అనొద్దు. సైకిల్ ఈడనే అని చెప్పినం, లేచి పోయి దాన్ని తుడిచింది.

"నీ వల్ల కాదు" అనేది ఒక్కసారి చెప్తే సరిపోదు. నాలుగు నెలల తర్వాత ఒకరోజు తలకు నూనె పెడుతుంటే "ఆ రోజు నేను టీవీ సౌండ్ మస్తు పెట్టిన కదా మమ్మీ, అందుకే కదా డాడీకి కోపమొచ్చింది" అన్నది. నాలుగు నెలలు కడుపుల పెట్టుకున్నది. ఆరేడేండ్ల పిల్లలు ఏదైనా అయితే తమ వల్లనే అనుకుంటరు, ఆ వయసు బుర్ర అట్లనే పనిచేస్తది. అందుకే నెలకు ఒకసారైనా, వేరే ముచ్చట్ల మధ్యల, మళ్ల చెప్తనే ఉండాలె.

స్టెప్ 2: అదాలత్ కాయితాల్లో బిడ్డ సంగతి

ఇది జల్దీ చెప్త, వకీల్ చెప్పేదే ఎక్కువ. హిందూ వివాహ చట్టం 1955 కింద ఇద్దరి ఇష్టంతో తీసుకునే విడాకులకు కనీసం ఏడాది వేరుగ ఉండాలె, పిటిషన్ వేసినంక మళ్ల 6 నెలలు ఆగాలె, ఆ 6 నెలలను పరిస్థితిని బట్టి కోర్టు తగ్గించొచ్చని సుప్రీంకోర్టు 2017ల చెప్పింది. 5 ఏండ్లు నిండని పిల్లలు మామూలుగ తల్లి దగ్గరనే ఉంటరు, ఇది 1956 హిందూ మైనర్ల సంరక్షణ చట్టంల ఉంది. ఆ పైన వయసుకు ఇగ తల్లి హక్కు తండ్రి హక్కు అని కాదు, బిడ్డకు ఏది మంచిదో అదే చూస్తరు, కొంచెం పెద్ద పిల్లలైతే జడ్జి తన చాంబర్‌ల కూసోబెట్టి నెమ్మదిగ అడగొచ్చు కూడా. అడుగుతరని తెలిస్తే ఇంట్ల ట్రైనింగ్ ఇయ్యకండి, "మమ్మీ దగ్గరనే ఉంటా అను" అని. పిల్లలు ఒప్పజెప్పితే అక్కడ కూసున్నోళ్లకు తెల్వదా.

వకీల్‌కు పైసలు లేకుంటే కోర్టుల జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటది. ఆడోళ్లకు, పిల్లలకు జీతం ఎంతున్నా ఫ్రీగ వకీల్‌ని పెట్టిస్తరు, 1987 చట్టం అది. ఫోన్ నంబర్ 15100.

నేను చేసిన తప్పేందంటే, ఒప్పందంల "తండ్రి బిడ్డను అప్పుడప్పుడు కలవవచ్చు" అని ఒక లైన్ రాపిచ్చి సంతకం పెట్టిన, జల్దీ అయిపోతే చాలు అని. ఆ అప్పుడప్పుడు అనే ఒక్క మాట మీద ఏడాది కొట్లాడినం. ఏ శనివారం, ఎన్ని గంటలకు, ఎవరు దింపాలె, దసరా సెలవులు ఎట్ల పంచుకోవాలె, ఎండాకాలం ఎన్ని వారాలు, ఫీజు ఎవరు, దవాఖాన ఖర్చు ఎవరు, రోజూ ఫోన్ ఎన్ని గంటలకు, అన్నీ విడివిడిగ రాపియ్యండి. బిడ్డ పెద్దగైనంక మారుస్తమంటే కోర్టును మళ్ల అడగొచ్చు, ఒకసారి రాస్తే రాయి మీద గీత ఏం కాదు. ఇంకోటి, వాయిదాలకు బిడ్డను తీస్కపోకండి, కోర్టు రమ్మంటే తప్ప. ఆ వరండాల ఆ బెంచీల మీద బిడ్డ నేర్చుకునేది ఏం లేదు.

స్టెప్ 3: మొదటి కొన్ని నెలలు

ఇంట్ల టైంటేబుల్ కదలనీయొద్దు. నిద్ర టైం, టిఫిన్ డబ్బా, ట్యూషన్, ఆదివారం తల స్నానం, ఇవి ఎట్లున్నయో అట్లనే. ఇల్లు మారుడు, బడి మారుడు, రెండూ ఒకేసారి వద్దు, జరుపుకోగలిగితే ఒక ఏడాది జరుపుకోండి.

వయసును బట్టి బయటికి వచ్చే తీరు వేరే ఉంటది. నాలుగైదేండ్లోళ్లు వెనక్కి పోతరు, పక్క తడుపుతరు, నోట్లె వేలు పెట్టుకుంటరు, బాత్రూంకు పోయినా వెంట వస్తరు. ఆరు నుంచి ఎనిమిదోళ్లు మళ్ల కలుపుతందుకు ప్లాన్లు వేస్తరు (మాది ఒకసారి జ్వరం నటించింది, ఇద్దరం ఒకే దవాఖానకు వస్తమని, థర్మామీటర్‌ను చాయ్ గ్లాసుకు ఆనిచ్చి). తొమ్మిది దాటినోళ్లు ఒకరి పార్టీ పట్టి ఇంకొకరి మీద కోపానికి వస్తరు, లేకుంటే సోమవారం సోమవారం కడుపు నొప్పి. పెద్ద పిల్లలు రూం తలుపేసుకుంటరు, ఫోన్‌ల మునుగుతరు. కొట్టొద్దు, ఇజ్జత్ తీయొద్దు, అట్లని అడిగిందల్లా కొనియ్యొద్దు కూడా. పాపం అని నేను మొదటి ఆరు నెలలు ఏ రూల్ పెట్టలే, అది ఇంకా ఆగమైంది, పెద్దోళ్లు చేతులెత్తేసినట్టు అనిపిస్తది పిల్లలకు.

స్టెప్ 4: బ్యాగు

అసలు ముచ్చట ఇది. రెండో, నాలుగో శనివారం డాడీ దగ్గరికి పోతది, ఆదివారం సాయంత్రం వస్తది. మొదట్ల శుక్రవారం పొద్దటి నుంచే బ్యాగు సర్దుడు మొదలువెట్టేది. ఒక్కరోజుకు నాలుగు జతలు, పళ్ల బ్రష్, దువ్వెన, తన గ్లాసు, మందుల డబ్బా, బొమ్మలు రెండు, అడుగున మడత పెట్టి నా పాత చున్నీ. స్కూల్ బ్యాగుకంటే బరువు. నేనే మోసుకపోయి గేటు కాడ అప్పజెప్పేదాన్ని.

ఒకరోజు వాళ్ల నానమ్మ వాట్సాప్ స్టేటస్‌ల చూసిన, మా బిడ్డ ఎర్ర గాగ్రా వేసుకుని గుడి మెట్ల మీద నవ్వుకుంట కూసుంది. ఆ గాగ్రా నేనెప్పుడూ చూడలే. ఆదివారం వచ్చినంక బ్యాగు విప్పితే అందులో లేదు. "వీకెండ్ ఎట్లయింది బిడ్డా" అంటే "ఏం లేదు మమ్మీ, ఊకెనే ఉన్న, బోర్ కొట్టింది" అన్నది. తర్వాత మెల్లగ వాళ్ల డాడీని అడిగితే తెలిసింది, ఆడ కూడా అదే కథ. నా బర్త్‌డేకు మేము లక్నవరం చెరువుకు పోయి వేలాడే వంతెన మీద ఎంత ఎగిరినమో, ఆడ "ఏం చేయలే" అని చెప్పిందంట. కొత్త డ్రెస్సు ఆడ దాచిపెట్టి, లక్నవరం ఈడ దాచిపెట్టి, ఏ ఇంట్ల ఉంటే ఆ ఇంటోళ్ల మనసు నొయ్యకుండ నడుపుతుంది. దానికి అప్పుడు ఎనిమిదేండ్లు.

దాన్ని ఎవరూ అట్ల చెయ్యమనలే. కాని డాడీ ముచ్చట తీస్తే నా మొఖం ఎట్ల మారుతుందో అది చూస్తుంది కదా. ఆ రోజు నుంచి ఇద్దరం కూసుని కొన్ని మార్చుకున్నం, వరుసగ రాస్త.

ఒకటి, రెండిండ్లల్ల రెండు సెట్లు. బ్రష్, దువ్వెన, చెప్పులు, నైట్ డ్రెస్సులు, మందులు, గీ సామాన్లు ఆడ వేరే కొని పెట్టిండు. మొత్తం వెయ్యి, పదిహేను వందలు అయినయ్ కావొచ్చు, ఆ సంవత్సరం మేము పెట్టిన ఖర్చుల్లో గింత పనికొచ్చింది వేరేది లేదు. బిడ్డ చుట్టపు చూపుగ పోవుడు కాదు, ఆడ కూడా దానికో షెల్ఫ్ ఉంది.

రెండు, గేటు కాడ కొట్లాటలు బంద్. ఇంటికి వచ్చి తీస్కపోతే మా నాయన ఏదో అనుడు, ఆయన ఏదో అనుడు, బిడ్డ మధ్యల బ్యాగు పట్టుకుని నిలబడుడు. హన్మకొండ బస్టాండ్ల అప్పజెప్పుడు పెట్టుకున్నం. నలుగురు మనుషుల మధ్య ఎవరూ గొంతు లేపరు, పైగా హుజూరాబాద్ మీదికెళ్లి పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాలె కాబట్టి పంచాయితీకి టైం కూడా ఉండదు. ఆర్టీసీల ఆడోళ్లకు ఫ్రీ బస్సు వచ్చినంక, అదే 2023 డిసెంబర్ నుంచి, బిడ్డకు జీరో టికెట్ ఇస్తే డాడీ ఒక్కడే పైసలు కట్టుడు చూసి దానికి మస్తు సంబురం, రెండు గంటలు ఆయన్ని అదే ఏడిపిస్తదంట.

మూడు, రాంగనే ప్రశ్నలు వద్దు. ఎవరొచ్చిండ్రు, ఏం వండిండ్రు, ఎవరితోని ఫోన్ మాట్లాడిండు, ఇది పోలీస్ స్టేషన్ కాదు. నేను ఇప్పుడు "ఆకలైతుందా" ఒక్కటే అడుగుత. మారుడుకు దానికి ఒక గంట, రెండు గంటలు పడుతది, ఆ టైంల చిడచిడ ఉంటది, డాడీ చెడగొట్టి పంపిండు అనుకోకండి, ఆడికి పోయినంక కూడా మొదటి గంట గట్లనే ఉంటదంట.

నాలుగు, బిడ్డ పోస్ట్‌మాన్ కాదు. "ఫీజు కట్టమను మీ డాడీని" అనే మాట నేను కూడా అన్న, ఎందుకు అబద్ధం. పైసల ముచ్చట, సెలవుల ముచ్చట, ఏదైనా మేమిద్దరం వాట్సాప్‌ల మెసేజ్ పెట్టుకుంటం, పొడి పొడిగ, ఆఫీసుల మేనేజర్‌కు రాసినట్టు. వాదన వస్తే మరుసటి రోజు పొద్దున జవాబు. రాత్రి పదికి రాసిన ఏ మెసేజ్ కూడా మంచిగ పోలే మాకు.

అయిదోది కష్టమైనది. ఆడి సంతోషాన్ని ఈడ ఒప్పుకునుడు. నేనే ఒకరోజు "నానమ్మ స్టేటస్‌ల చూసిన, ఎర్ర గాగ్రా మస్తు ముద్దుగుంది, ఈసారి తీస్కరా, ఈడ కూడా వేస్కో" అన్న. గొంతు కొంచెం అటూ ఇటూ అయ్యింది కాని అన్న. అది నా మొఖం దిక్కు ఒక నిమిషం చూసింది, నిజంగనే అంటున్ననా అని. రెండు ట్రిప్పుల తర్వాత గాగ్రా వచ్చింది.

స్టెప్ 5: చుట్టాల నోర్లు

మన కాడ బిడ్డను సగం బాధపెట్టేది విడాకులు కాదు, ఫంక్షన్లు. పెండ్లి పందిట్ల అన్నం తింటుంటే ఎవరో ఒకామె వచ్చి గదుమ పట్టుకుని "మీ నాయన వస్తలేడా బిడ్డా? అయ్యో" అంటది. ఆ అయ్యో ఉంది చూడండి. ఆమెకు మీరు బుద్ధి చెప్పలేరు, ఊరంత బంధుగం. బిడ్డకు ఒక జవాబు నేర్పండి, "డాడీ కరీంనగర్‌ల ఉంటడు, నేను శనివారం పోత" అంతే, చెప్పి జరిగిపోవుడే. ఇంట్ల రెండు మూడుసార్లు ఆట లెక్క ప్రాక్టీస్ చేసినం, నేను ఆ అత్తమ్మ లెక్క యాక్టింగ్ చేసిన, బిడ్డ పడి పడి నవ్వింది.

మా అమ్మతోని వేరే కష్టం. అల్లుని మీద కోపం బిడ్డ ముందల కక్కేది, "అన్నీ మీ నాయన బుద్ధులే" అని. గా మాట బంద్ చెయ్యమని అమ్మతోని గట్టిగనే కొట్లాడాల్సొచ్చింది, ఎందుకంటే దానికి నిజంగనే వాళ్ల డాడీ ముక్కు, డాడీ మొండితనం ఉన్నయ్, వాటిని తిడితే బిడ్డ ఎవరిని తిట్టినట్టు అనుకుంటది. నానమ్మతోని మాత్రం తెంపొద్దు. మొగుడు పెండ్లాలు విడిపోయిండ్రు, మనవరాలు విడిపోలే. మా బిడ్డ సర్వపిండి చేసుడు నేర్చుకుంది కరీంనగర్‌లనే, గిన్నెకు ఒత్తి వేలుతోని బొక్కలు పెట్టుడు, నాకు ఇప్పటికీ గంత పలుచగ రాదు.

స్టెప్ 6: బడి

క్లాస్ టీచర్‌కు మీరే పోయి చెప్పండి, అయిదు నిమిషాల పని, కథంతా వద్దు. ఎవరు తీస్కపోవడానికి రావొచ్చు, ఫోన్ ఎవరికి చెయ్యాలె, మార్కులు పడిపోతే జర ఓపిక పట్టండి, అంతే. పేరెంట్స్ గ్రూపుల ఇద్దరి నంబర్లు ఉంచమని అడగండి. మీటింగ్‌కు ఇద్దరు పోగలిగితే పోండి, లేకుంటే వేర్వేరు టైంల. మా బిడ్డకు ఒకసారి "నా కుటుంబం" అని చార్ట్ ఇచ్చిండ్రు, ఒకే ఇల్లు బొమ్మ, అందులో మనుషులు గీయాలె. అది సగం పేజీల ఒక ఇల్లు, సగం పేజీల ఇంకో ఇల్లు గీసి, మధ్యల ఆర్టీసీ బస్సు గీసింది. టీచర్ మంచిదే, గోడకు అంటిచ్చింది.

స్టెప్ 7: బతుకమ్మ, దసరా

మొదటి ఏడాది బతుకమ్మకు నేను ఏం పరేషాన్ కాలే. ఆడబిడ్డలందరు తల్లిగారింటికి వచ్చే పండుగే కదా, నేను మా అమ్మింట్ల ఉంటే ఎవరు అడుగుతరు. పెత్రమాస నాడు ఎంగిలిపూల నుంచి తొమ్మిది రోజులు మంచిగ ఆడినం. అసలు కష్టం దసరా ఎల్లినంక మొదలైంది, అందరు అత్తగారిండ్లకు తిరిగి పోతుంటే "నువ్వెప్పుడు పోతున్నవ్" అని అడుగుడు, బిడ్డ పక్కన నిలబడి వినుడు. కాబట్టి పండుగకు కాదు, పండుగ అయిపోయిన తెల్లారికి ప్లాన్ పెట్టుకోండి. మేము ఇప్పుడు ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ దాక ఈడ, దసరాకు ఆడ అని పంచుకున్నం. జమ్మి ఆకు, అదే బంగారం, డాడీకి, నానమ్మకు ఇచ్చి, ఇంకొంచెం జేబుల పెట్టుకుని నాకు తెస్తది, ఆదివారం దాక ఎండిపోయి పొడి అయితది అది వేరే సంగతి. సంక్రాంతిది ఏడాదికొకరు.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ కదా, ఆ రోజు పేర్చం, ఆడం. దానికి ఎనిమిదేండ్లప్పుడు అడిగింది, "బతుకమ్మ ఎవరి మీద అలిగింది?" నేను ఏదో కథ చెప్పబోతుంటే, "అలిగితే అందరు ఊకుంటరు కదా, రా రా అని గుంజరు కదా" అన్నది. ఆ రోజు మధ్యాహ్నం అది మాట్లాడలే, నేను కూడా గుంజలే. పక్కన కూసుని తెల్లారి అట్లకు, కాదు, వెన్నముద్దలకు కాదు, వేపకాయల బతుకమ్మకు పిండి జల్లెడ పట్టుకుంట కూసున్న (ఏ రోజు ఏ బతుకమ్మనో ఈ వరుస నాకు ప్రతి ఏడాది తప్పుతది, అమ్మ తిడుతది). సాయంత్రానికి అదే వచ్చి పిండిల చెయ్యి పెట్టింది. పిల్లలకు అలిగే రోజు ఒకటి ఉండనియ్యండి.

స్టెప్ 8: ఎప్పుడు డాక్టర్ దగ్గరికి

పైన చెప్పిన చిడచిడ, పక్క తడుపుడు, కడుపు నొప్పి మెల్లమెల్లగ తగ్గుకుంట పోవాలె. తగ్గకుండ పెరుగుతుంటే, వారాల కొద్ది నిద్ర లేకుంటే, తిండి మానేస్తే, దోస్తులను వదిలేస్తే, బడికి పోనే పోనంటే ఆగకండి. చచ్చిపోత అనే మాట వస్తే, తనను తాను గాయపర్చుకుంటే అదే రోజు తీస్కపోండి, ఊకెనే అంటుందిలే అనుకోవద్దు. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల మానసిక వైద్య విభాగం ఉంది. మనసు బాధలకు సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఫ్రీ, రాత్రి పగలు ఎప్పుడైనా, తెలుగులనే మాట్లాడొచ్చు. పిల్లలే సొంతంగ ఫోన్ చేసుకోవాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. మా ఫ్రిజ్ మీద రాసి అంటిచ్చిన, దేనికో కూడా బిడ్డకు చెప్పిన.

మీ దిక్కు కూడా జర చూస్కోండి. బిడ్డ ముందల ఏడిస్తే కొంపలేం మునగవు, "మమ్మీకి ఇయ్యాల బాధగుంది, రేపటికి తగ్గుతది" అని చెప్తే చాలు. కాని మీ కష్టం పంచుకునే దోస్తు బిడ్డ కావొద్దు, దానికి అక్కనో చెల్లెనో ఉంటరు. కొత్త మనిషి ఎవరైనా మీ జీవితంలకు వస్తే, పక్కా అయినంకనే బిడ్డకు పరిచయం చెయ్యండి, దీని గురించి నాకు అనుభవం లేదు, ఎక్కువ రాయను.

బ్యాగు సంగతి చెప్పి బంద్ చేస్త. నాలుగు జతలు రెండైనయ్, రెండు ఒకటైంది, చున్నీ ఎప్పుడు మానేసిందో నేను గమనించనే లే. మొన్న రెండో శనివారం చేతిల లెక్కల పుస్తకం ఒక్కటే పట్టుకుని బస్సెక్కింది. అది కూడా ఆడనే మర్చిపోయి వచ్చింది. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు వాళ్ల డాడీ ఆరో చాప్టర్ హోంవర్క్ పేజీలు నాలుగు ఫోటోలు తీసి వాట్సాప్ చేసిండు, నాలుగోది తలకిందులు.